డబ్బాకి కట్టిన ఇటుకిల్లు

రిసాలి, భిలాయి
13-11-1988

చిరంజీవి కుమారికి,
రెండు చేతులూ నీ నెత్తి మీద పెట్టి మీ నాన్న ధర్మయ్య రాస్తున్నది.

అల్లుడుగారు నిన్న పొద్దున్న దుర్గ్‌లో బండి దిగారు. నేను రెండు గంటల ముందే పోయి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. నువ్వు తయారు చేసిన డబ్బాని టెంపోలో నా ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. నువ్వు పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి నిన్నూ ఇలాగే తెచ్చాను. అప్పుడు రిక్షా, అంతే తేడా.

బిగించడమంతా అల్లుడుగారే చూసుకున్నారు. పళ్లెం తిప్పే సింగపూర్ మిషను ఒక పక్క, నీ కన్వర్టరు డబ్బా ఇంకో పక్క, అక్కడి నుంచి తీగలు మన పాత స్పీకర్లకి. అద్దంలా మెరిసే ఆ పళ్లెంలో పాట లేదట, అంకెలే ఉన్నాయట, ఆ అంకెల్ని పాటగా మార్చేది నీ డబ్బాయేనట. గనుల నుంచి వేగన్లలో రాళ్లు వస్తాయి, మా కొలిమిలో నుంచి ఇనుము వస్తుంది, ఇదీ అలాంటిదేనా అని అడిగాను. అల్లుడుగారు నవ్వి, అలాంటిదే మావయ్యా అన్నారు.

నాదస్వరం పళ్లెం పెట్టగానే వీధంతా మన వాకిట్లోకి వచ్చింది. పక్కింటి ఛాయ స్పీకరుకి చెవి ఆనించి, "కాకాజీ, గరగర ఎక్కడుంది?" అని వెతికింది. గరగర లేదమ్మా, మా అమ్మాయి తీసేసింది అని చెప్పాను. ఇదే మాట నలుగురికి చెప్పాను. ఇంకా చెబుతాను.

మీ అమ్మ డబ్బాకి పసుపు పెట్టబోయింది. తీగల్లోకి పోతుందని ఆపాను. అందుకని అది పాడిన ప్రతి రోజూ వంటింటి క్యాలెండరు మీద ఒక పసుపు చుక్క పెడతానంది. నువ్వు పంపిన పుస్తకంలో అది మోగిన గంటలూ, దాని మీద పెట్టిన థర్మామీటరు చూపించే వేడీ నేను రోజూ రాస్తాను. చదివింది ఐదో తరగతే అయినా నా అంకెలు గుండ్రంగా ఉంటాయని నీకు తెలుసు. దేశంలో ఇన్ని ఇళ్లుండగా పరీక్షకి మన ఇల్లు ఎంచుకున్నావు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు తల్లీ, సంతోషంతో.

ఇట్లు,
నీ నాన్న

హైదరాబాదు
28-11-1988

నాన్నకి కుమారి నమస్కారాలు. అమ్మకీను.

నీ ఉత్తరం మా విభాగంలో అందరికీ చదివి వినిపించాను. ఛాయ మాటకి మా మేనేజరుగారు కూడా నవ్వారు.

ఒక చిన్న సవరణ. పరీక్షకి పంపింది రెండు డబ్బాలు. ఒకటి ఎండకీ దుమ్ముకీ భిలాయిలో మనింట్లో, రెండోది ఉప్పుగాలికి భీమిలిలో మావయ్యగారింట్లో. జూలై మూడో తేదీన కంపెనీ వాళ్లు తేలుస్తారు. నిలబడితే ఐదు వందల డబ్బాలు తయారు చేస్తారు. లేకపోతే బయటి దేశం సరుకు తెచ్చి మన పేరు అంటిస్తారు, మా విభాగం మూసేస్తారు. డబ్బాకి కరెంటు అందించే భాగం పూర్తిగా నాది. అన్నిటికంటే ముందు చెడేది కూడా అదే. అందుకని ఆగినా, గురగురలాడినా, వేడెక్కినా ఉన్నది ఉన్నట్టు రాయి నాన్నా. నాకు కావలసింది అదే.

మావయ్యగారి మొదటి రిపోర్టు వచ్చింది. స్టేషను మాస్టరుగా చేసినవారు కదా, మావయ్యగారు టైపు కొట్టి, గళ్ల కాగితం మీద గీత కూడా గీసి పంపారు. నీకు నమూనాగా ఉంటుందని ఒక కాపీ ఈ కవరులో పెడుతున్నాను.

ఉంటాను,
కుమారి

రిసాలి
17-12-1988

చిరంజీవి కుమారికి, 
ఆకాశమంత ఆశీస్సులతో నాన్న.

నీ ఉత్తరం, బావగారి టైపు కాగితం రెండూ అందాయి. కాగితం చాలా బాగుంది. గీత చాలా తిన్నగా ఉంది. రైల్వేవారు గీత తిన్నగా గీయక ఏం చేస్తారు. నీ ఉత్తరంలో ఒక్క పేజీలో "మావయ్యగారు" అన్న మాట మూడుసార్లు ఉంది. నేనే వేలు పెట్టి లెక్కపెట్టాను.

రెండో డబ్బా ఉన్న సంగతి అల్లుడుగారు చెప్పనే లేదు. తప్పేం లేదు. సొంత తండ్రికి ఇవ్వకుండా ఎలా ఉంటారు. ఆ డబ్బా కూడా ఈ డబ్బా లాంటిదేనా, లేక ఏమైనా మంచి సామాను వేశావా? ఊరికే అడుగుతున్నాను.

బావగారు రోజుకి నాలుగు గంటలు నడుపుతున్నారని ఆ కాగితంలో ఉంది. మన డబ్బా ఎనిమిది గంటలు నడుస్తోంది. పొద్దున్న ఐదింటి కాఫీకి వేస్తే మళ్లీ ఒంటిగంట భోజనాలకి ఆపుతాను. నేను బజారుకి పోయినా అది పాడుతూనే ఉంటుంది. మీ అమ్మ నిన్న, "ఏటయ్యా, సన్నాయి ఇంటూ గోడలు ముసిలయిపోతన్నాయి, ఒక గంట ఊరుకోనీ" అంది. దానికి ఏం తెలుసు, ఇది పరీక్ష అన్నాను.

టైపు మిషను నా దగ్గర లేదు. ముప్పై ఏళ్లు కొలిమిలకీ, ఇనుము మోసే లాడిల్ గిన్నెలకీ లోపల ఇటుక పేర్చిన చేతులు ఇవి. నా లైనింగు ఎక్కడా పగిలిందని ఒక్క ఫోర్‌మనూ రాయలేదు. మనింట్లో ఏదీ చెడదు. ఆ సంగతి మీ మేనేజరుగారికి చెప్పు.

నీ మేలు కోరే,
ధర్మయ్య, రిఫ్రాక్టరీ విభాగం (రిటైర్డు)

హైదరాబాదు
20-2-1989

నాన్నకి,

ఎనిమిది గంటలా! మా వాళ్లు నమ్మలేదు. నీ పుస్తకం పేజీలు చూపించాను. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. రెండు డబ్బాల్లో ఒకే సామాను, ఒకే చేయి, ఒకే రోజు చేశాను. అలాంటి ప్రశ్న ఇంకెప్పుడూ అడగకు.

భీమిలి డబ్బాలో గురగుర మొదలైంది. మావయ్యగారు అదే రోజు రాశారు, ఎన్ని గంటలకి, ఏ పాటలో అని కూడా. దాంతో తప్పు ఎక్కడుందో నాకు పట్టుబడింది. అందులో కెపాసిటర్లని చిన్న రేకు గొట్టాలుంటాయి. కరెంటుని నిలకడగా ఉంచేవి అవే. లోపల తడి ఉంటుంది. ఆ తడి ఆరిపోతే వాటి పని అయిపోయినట్టే. తడిని ఆర్చేది వేడి. ప్రతి పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు రెట్టింపవుతుంది, పెరిగితే సగమవుతుంది.

మీ దగ్గర ఎండలు మొదలవుతాయి. డబ్బాని వేడి నుంచి బాగా కాపాడు నాన్నా. నా భయమంతా భిలాయి మే నెల గురించే.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నూనె పంపమంటే పంపుతాను.

కుమారి

రిసాలి
26-3-1989

బంగారు తల్లి కుమారికి,
నాన్న దీవెనలు, అమ్మవి వేరేగా.

బావగారి డబ్బా గురగురలాడిందని చదివి చాలా బాధపడ్డాను. మీ అమ్మ నన్ను చూసి, బాధపడే మనిషి రెండో గ్లాసు టీ అడగడంది. దాని మాటకేం.

వేడి నుంచి కాపాడమన్నావు. ఈ మాట నువ్వు ఎవరితో అన్నావో తెలుసా? పదహారు వందల డిగ్రీల ఇనుముకీ మనిషికీ మధ్య గోడ కట్టినవాడితో. దానికి నేను ఒక ఏర్పాటు చేశాను. నాలుగు రోజులు పట్టింది. ఏమిటో చెప్పను, వచ్చినప్పుడు చూద్దువుగాని. బయట ఎండ ఎంత కాసినా ఒక్క డిగ్రీ లోపలికి పోదు. స్టేషను మాస్టర్లకి ఈ పని చేతకాదు. వాళ్లు పచ్చజెండా ఊపగలరు.

అది చూసి మీ అమ్మ, "డబ్బాకి ఇల్లు కట్టినావు, బాగుంది. నా వంటింటికి పొగగొట్టం ఎప్పుడు కడతావు?" అని అడిగింది. మే నెల ఎండలు వెళ్లాక కడతానన్నాను.

మోకాళ్లు బాగానే ఉన్నాయి. నూనె పంపు, వద్దనను.

నీ రాక కోసం చూసే,
నాన్న

హైదరాబాదు
18-4-1989

నాన్నకి,

నీ ఏర్పాటు ఏమిటో నేను ఊహించేశాను. గుమ్మానికి వట్టివేళ్ల తడికె కట్టి, కూలరు దగ్గర పెట్టావు కదూ? మంచిదే. నీళ్లు మాత్రం పడకుండా చూడు.

మేలో వారం రోజులు సెలవు దొరికింది. భీమిలి వెళ్తున్నాము. మావయ్యగారి డబ్బా విప్పి చూడాలి. నీ పుస్తకంలో ఒక్క మచ్చ లేదు కాబట్టి భిలాయి రావలసిన పని పడలేదు. దసరాలకి తప్పకుండా వస్తాను. కోపం తెచ్చుకోకు.

కుమారి

రిసాలి
4-5-1989

కుమారికి,
నాన్న రాసేది.

కోపం ఎందుకు. చెడిన చోటికే డాక్టరు వెళ్తాడు. ఒంట్లో బాగున్నవాడి మొహం చూడటానికి ఎవరూ రారు. భీమిలిలో సముద్రం కూడా ఉంది. ఇక్కడ ప్లాంటు ఎర్రదుమ్ము తప్ప ఏముంది.

రెండేళ్లయింది నువ్వు ఈ గడప తొక్కి. ఈ మాట రాయకూడదనుకున్నాను, రాసేశాను, కొట్టేస్తే కాగితం బాగుండదు.

ఏప్రిల్ పేజీలు ఇందులో పెట్టాను. రోజుకి పది గంటలు. ఒక్క పూట ఆగలేదు. పవర్‌హౌస్ బజారులో బంగార్రాజు అని మనవాడే, రేడియో మెకానిక్కు. నీ డబ్బా లోపలి పని చూసి చాలా మెచ్చుకున్నాడు.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. మన డబ్బా పద్నాలుగు వందల గంటలు దాటిందని కూడా చెప్పు. ముందు నమస్కారాలు చెప్పి, తర్వాత అది చెప్పు.

ధర్మయ్య

హైదరాబాదు
16-6-1989

నాన్నా,

ముందు ఇది చదువు, కుర్చీలో కూర్చుని చదువు. నిన్న మీటింగులో నీ పుస్తకం పేజీలన్నీ బల్ల మీద పెట్టి చూశారు. భిలాయి ఎండలో పదిహేడు వందల గంటలు, ఒక్క లోపం లేదు. భీమిలి గురగుర ఉప్పుగాలి వల్లేనని తేల్చేశారు. మూతకి గాలి చిల్లులు పెట్టాలనీ, ఎక్కువ వేడికి ఆగే ఖరీదైన కెపాసిటర్లు వాడాలనీ నేను అడుగుతూ వచ్చాను. మేనేజరుగారు నీ పేజీలు చూపించి, "మీ నాన్నగారే మీ వాదం కొట్టేశారమ్మా" అన్నారు. చిల్లులు లేవు, మామూలు కెపాసిటర్లే, మూత పూర్తిగా మూసి ఐదు వందల డబ్బాలు. జూలై మూడున నేను సంతకం పెడుతున్నాను. తర్వాత ఏదైనా చెడితే జవాబు చెప్పాల్సింది నేనే. కానీ ఇంకెవరి పుస్తకమో అయితే భయపడేదాన్ని. ఇది నీది.

రిపోర్టులో పరీక్ష చేసినవారి పేర్లు వేశారు. మొదటి పేరు నీదే. కింద మావయ్యగారిది.

నీ కుమారి

రిసాలి
21-6-1989

తల్లీ కుమారీ,

నిన్న నేనిచ్చిన టెలిగ్రాం అంది ఉంటుంది. "సంతకం వద్దు, భిలాయి పుస్తకం అబద్ధం" అని రాసిస్తే, గుమాస్తా రెండుసార్లు చదివి, కోర్టు కేసా అని అడిగాడు. ఇంటి సంగతి అన్నాను.

నువ్వు ఊహించి రాసిన ఏర్పాటు కాదు నేను చేసింది. కొలిమిలో వాడే తేలిక ఇటుకలు, రంపంతో కోస్తే తెగుతాయి, అవి కాంట్రాక్టరు దగ్గర అడిగి తెచ్చి, నీ డబ్బాకి నాలుగు వైపులా, పైన, కింద ఇల్లు కట్టాను. సందుల్లో గాజుదూది కుక్కాను. తీగలకి మాత్రం కన్నం వదిలాను. థర్మామీటరు ఆ ఇంటి లోపల కాదు, బయట పెట్టి, గది వేడిని డబ్బా వేడిగా రాశాను.

మార్చి ఇరవై రెండున కట్టాను. ఏప్రిల్ ఎనిమిదిన డబ్బా ఆగిపోయింది. సంచిలో వేసుకుని బంగార్రాజు దగ్గరికి తీసుకుపోయాను. "ఏటి భయ్యా ఇది, గొట్టాలన్నీ కడుపుబ్బి సచ్చినాయి. పొయ్యి మీద పెట్టినావా?" అన్నాడు. కోప్పడి నోరు మూయించాను. వేరే గొట్టాలు వేయించి తెచ్చి, మళ్లీ ఆ ఇంట్లోనే పెట్టాను. మే ఒకటిన మళ్లీ పోయింది. అక్కడి నుంచి అది మూగగానే ఉంది. నేను రోజూ పుస్తకంలో పది గంటలు రాస్తూ వచ్చాను. గుండ్రంగా రాశాను.

నువ్వు భీమిలి వెళ్తున్నానని రాసేనాటికి నాది ఒకసారి చెడి పది రోజులైంది. ఒక్క కార్డు ముక్క రాస్తే నువ్వు ఇక్కడికి వచ్చేదానివి. బావగారి కంటే ముందు వచ్చేదానివేమో కూడా. రాయలేకపోయాను. మనింట్లో ఏదీ చెడదని అన్నాను కదా. ఆయన టైపు కాగితం నా బల్ల సొరుగులోనే ఉంది. సొరుగు తీసినప్పుడల్లా ఆ గీత కనిపించేది.

నీ చివరి ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. నా పేరు పైన ఉందన్న చోట రెండుసార్లు చదివాను. అది లేచింది. వంటింటిలోకి పోయి క్యాలెండరు తెచ్చి నా ముందు పెట్టింది. ఏప్రిల్ ఎనిమిది నుంచి పదమూడు వరకు పసుపు చుక్కలు లేవు. మే ఒకటి తర్వాత అసలు లేవు. "నాకు రాత రాదు గానీ, పాడినప్పుడు పెట్టినాను, పాడనప్పుడు పెట్టలేదు. పిల్ల సంతకం పెడతాదంట. దేని మీద పెడతాది?" అంది.

మొన్న బంగార్రాజు చేత బాగు చేయించి, ఈసారి థర్మామీటరు ఇటుకింట్లో పెట్టి నడిపాను. గదిలో నలభై రెండు. లోపల రెండు గంటల్లో ఎనభై అయింది. నేను చూస్తుండగానే అయింది. ఆపేశాను.

ఉబ్బిన గొట్టాలు పారేయలేదు. కుంకుమ భరిణెలో పెట్టి క్యాలెండరుతో పాటు పార్సిలు చేశాను. నా పేరు కొట్టించెయ్యి. బావగారిది పైకి జరపమను.

ఏమని సంతకం చేయాలో తెలియని,
మీ నాన్న

హైదరాబాదు
8-7-1989

నాన్నకి,

రెండు వారాలకి పైగా నీకు రాయలేదు. కోపం వచ్చి రాయలేదు. ఇప్పుడు కూడా కొంచెం ఉంది.

టెలిగ్రాం పట్టుకుని మేనేజరుగారి గదిలోకి వెళ్లాను. పదకొండుమంది ముందు అడిగారు, కన్నతండ్రి చేతే సరిగ్గా రాయించుకోలేనిదానివి కంపెనీకి ఏం చేస్తావని.  ఆర్డరు జనవరికి వాయిదా వేశారు. పై అధికారి ఒకాయన్ని నా మీద పెట్టారు.

తర్వాత నీ భరిణె వచ్చింది. గొట్టాలు కోసి చూశాం. తడి చుక్క లేదు, పూర్తిగా ఎండిపోయాయి. అవి పదకొండుమందీ చూశారు. అప్పుడు నేను ఒక మాట అడిగాను. ఇంత ఖరీదు పెట్టి కొన్నవాళ్లు దీన్ని బయట ఉంచుతారా? అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు, పైన కుట్టుపని గుడ్డ కప్పుతారు. బీరువాలో పెట్టి నడిపి చూశాం. అరవై ఎనిమిది వచ్చింది. ఇప్పుడు మూతకి చిల్లులు పెడుతున్నారు, మంచి కెపాసిటర్లు కొంటున్నారు. నేను ఏడాది అడిగితే ఇవ్వనివి.

నువ్వు ముప్పై ఏళ్లు వేడిని గోడ దాటనివ్వని పని చేశావు. ఈ డబ్బాకి వేడి బయటి నుంచి రాదు నాన్నా. దాని కడుపులోనే పుడుతుంది. అది పోవడానికి దారి ఉండాలి. ఆ సంగతి నేను ముందే విడమర్చి రాయాల్సింది. "కాపాడు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. అక్కడ తప్పు నాది.

ఇంకొకటి. మావయ్యగారు మొన్న ఇక్కడికి వచ్చినప్పుడు నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. నిన్ను అడగకుండా చదివాను, ఏమీ అనుకోకు. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. అత్తయ్యగారు కుట్టిన ముఖమల్ గుడ్డ ఆ డబ్బా మీద మొదటి రోజు నుంచీ ఉందట. నేను వస్తున్నానని తెలిసి మేలో తీసి దాచారట. ఏ రిపోర్టులోనూ టైపు కొట్టలేదు.

కొత్త డబ్బాలు రెండు ఇళ్లకీ వస్తాయి. అమ్మని కూడా చుక్కలు పెట్టమను. మా మేనేజరుగారు ఇక అమ్మ క్యాలెండరే నమ్ముతారట.

కుమారి

రిసాలి
2-12-1989

నా తల్లి కుమారికి,
రెండు చేతులూ చాలవు, నాలుగు చేతులతో దీవిస్తూ నాన్న.

ముఖమల్ గుడ్డ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఛాయకి చెప్పాను. బంగార్రాజుకి చెప్పాను. మరి ఎవరికీ చెప్పలేదు.

చిల్లుల మూత డబ్బా వచ్చి నెలన్నర అయింది. దసరాలకి నువ్వు రాలేదు. ఆ పై అధికారి సెలవు ఇవ్వలేదన్నావు. దానికి కారణం ఎవరో నాకు తెలుసు కనుక ఏమీ అనలేదు. డబ్బాని గది మధ్యలో బల్ల మీద పెట్టాను. పైన ఏమీ లేదు. మీ అమ్మ ఇటుకింట్లో అన్నం గిన్నె పెడుతోంది. పొద్దున్న వండితే రెండింటికి కూడా పొగలొస్తున్నాయి. నా లైనింగు అంటే అది.

ఇక అసలు సంగతి. నిన్న, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకి నాదస్వరం రెండో కీర్తనలో ఎడమ స్పీకరు గురగురలాడింది. గదిలో ఇరవై నాలుగు, డబ్బా మీద ముప్పై ఎనిమిది. మొత్తం నడిచింది మూడు వందల పన్నెండు గంటలు. వెంటనే ఆపాను. మీ అమ్మ చుక్క పెట్టలేదు. మూత ముట్టుకోలేదు. బంగార్రాజుని గుమ్మం దాటనివ్వలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను, ఏ పాటలో అన్నది కూడా రాశాను. గళ్ల కాగితం కొని గీత కూడా గీశాను. కొంచెం వంకరగా వచ్చింది.

భీమిలిలో కొత్త డబ్బా ఇంతవరకు చెక్కుచెదరలేదని అల్లుడుగారు రాశారు. చాలా సంతోషం. బావగారి డబ్బా నూరేళ్లు నడవాలి.

ఈసారి ముందు చెడింది నాదే. దుర్గ్ స్టేషనుకి ఎన్ని గంటలకి రావాలో రాయి.

నాన్న